రచయిత స్వయముగా ప్రచురించిన పుస్తకము అంగడికెట్లు చేరును?

తొలకరి వాన కురిసిన మరునాడు మన వజ్రకరూరు చుట్టుపట్ల చేలలో జనులు తలలు వంచుకొని నేలను వెదకుచు తిరుగుట మన బాలబాలికలెల్లరు ఎఱిగినదే. ఇరుగుపొరుగు గ్రామములవారేగాక దూరపు జిల్లాలవారును సద్దిమూటలతో వచ్చి, చెట్లక్రిందనే పండుకొని, వజ్రములకై వెదకుదురు. ఱాయి దొరకినవాడు దాని వెల యెఱుగడు. వెల యెఱిగిన వర్తకుడు ముందుగా నోరు విప్పడు. పుస్తకములను గూర్చిన వ్యాసమున నీ ప్రస్తావన యేలయని చదువరులడుగవచ్చును. వస్తువు చేతనుండుట వేఱు, దానిని అంగడికి చేర్చుట వేఱు అని మన యూరివారికి వేఱొకరు చెప్పవలసిన పని లేదు గదా. పుస్తకము విషయమున నీ భేదము మఱింత గట్టిది. వజ్రమునకై వర్తకుడే మన గడపకు వచ్చును. పుస్తకమునకై యెవ్వరును రారు.

మా పాఠశాలలో చిరకాలము తెలుగు బోధించి విశ్రాంతి గైకొనిన పండితులవారొకరు కఱవు సంవత్సరముల పల్లె ముచ్చటలను గ్రంథముగా వ్రాసి, తమ సొంత సొమ్ముతో 500 ప్రతులు అచ్చువేయించిరి. ఆవిష్కరణసభనాడు మా మందిరమున 60 ప్రతులు చెల్లినవి. మఱి 60 ప్రతులు బంధుమిత్రులకు కానుకలుగా పోయినవి. ఒక పట్టణములోని యొక దుకాణమున 50 ప్రతులుంచి, రసీదు అడుగుటకు మొగమాటపడి, వట్టిచేతులతో తిరిగివచ్చిరి. తక్కినవి వారి మంచముక్రింద చేరెను. ఏడాది గడచిన పిదప పండితులవారు లెక్క అడుగబోవగా దుకాణపు యజమాని మాఱియుండెను. క్రొత్తవాడు పుస్తకములో పేరు వెదకి, “మా లెక్కలో లేవండీ” అనెను. తుదకు వెనుకగదిలోని యొక గోనెసంచిలో 31 ప్రతులు దొరకినవి. అందు పండ్రెండింటిని చెదలు చదివిపెట్టినవి. ఆ దుకాణమును నిందించుటకై మేమిది వ్రాయుటలేదు. రసీదు లేని సరకునకు యజమాని యెవరని యడిగిన మేమును చెప్పజాలము.

అటుపై రెండేండ్లు పండితులవారితోకూడ మేము కొన్ని పుస్తకపుటంగళ్లు తిరిగి, పలువురినడిగి తెలిసికొనిన సంగతులను ఇచ్చట వ్రాయుచున్నాము. తమ బిడ్డలు పద్యములు కథలు వ్రాయుచున్నారనియు, వానిని పుస్తకముగా వేసిన నెవరు కొందురనియు కొందఱు తల్లిదండ్రులు మమ్ములను అడుగుచుండుటయు దీనికి కారణము.

మొదట నొక మాట. తానే వ్రాసి తానే అచ్చువేయించుకొనుట తెలుగున చిన్నతనము కాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించి, పరుల ముద్రాలయములపై నాధారపడి యుండుట మేలు కాదని సొంత ముద్రాలయమునే యేర్పఱచుకొనిరి. శ్రీశ్రీ గేతములు పెక్కు 1930 తర్వాతి దశాబ్దమున వ్రాయబడినను, మహాప్రస్థానము పుస్తకమై వెలువడుటకు 1950 వఱకు ఆగవలసివచ్చెను. మన జిల్లాలోనే తరిమెల గ్రామమున పుట్టిన విద్వాన్ విశ్వముగారు స్వాతంత్ర్యమునకు పూర్వము అనంతపురమున మిత్రులతో గలసి నవ్యసాహిత్యమాల యను పేర పుస్తకములు ప్రకటించిరి. ఇటీవలి కాలమున రంగనాయకమ్మగారు తమ స్వీట్ హోం పబ్లికేషన్స్ పేర పెద్ద పెద్ద గ్రంథములను సయితము మిక్కిలి తక్కువ వెలకు పాఠకులకందించిరి. మన రాయలసీమవారే యగు నామిని సుబ్రహ్మణ్యంనాయుడుగారు తమ పుస్తకములను తామే ప్రచురించి, బడులద్వారా చదువరుల చేతులలో పెట్టిరి. నేడును తెలుగున వెలువడు కవితాసంపుటములలోను కథాసంపుటములలోను పెక్కింటికి ఖర్చు రచయితదే.

కావున లోపము అచ్చువేయించుటలో లేదు. అచ్చయిన తరువాతి లెక్కలో నున్నది. ఆ లెక్కను చూతము. ప్రతి యొక్కింటికి అచ్చు ఖర్చు 60 రూపాయలయినదనుకొందము. రచయిత దయకలవాడై, చదువరులకు భారము కాకూడదని 100 రూపాయలు వెల నిర్ణయించెను. మా పండితులవారు చేసినది సరిగా నిదియే. పుస్తకముల పంపిణీదారులు సాధారణముగా వెలలో నూటికి 40 మొదలు 50 వఱకు కమీషను తీసికొందురు. 40 అయినచో రచయిత చేతికి 60 రూపాయలు వచ్చును. అనగా అచ్చు ఖర్చు మాత్రమే. 50 అయినచో వచ్చునది 50 రూపాయలే. ప్రతి పుస్తకమునకు 10 రూపాయలు నష్టము. అట్టి పుస్తకమునకు పేరు వచ్చుటకంటె రాకుండుటయే మేలు. ఎంత యెక్కువ అమ్ముడుపోయిన నష్టమంత పెరుగును! వెల 150 రూపాయలుగా నుంచినచో, నూటికి 40 కమీషను పోగా 90 రూపాయలు దక్కును. 500 ప్రతులకు అచ్చు ఖర్చు 30,000 రూపాయలు గనుక, 334 ప్రతులు అమ్ముడైనగాని పెట్టుబడి తిరిగిరాదు. మన జిల్లాలో నొక కథల పుస్తకము 334 ప్రతులు చెల్లుట యెంత కష్టమో ప్రయత్నించినవారికే తెలియును. ఈ లెక్కలో రవాణా, బస్సుచార్జీలు, కానుకగా పోవు ప్రతులు చేరలేదు.

అంగడివారు అన్యాయముగా తినుచున్నారని యనుకొనుట పొరపాటు. పంపిణీదారు తన కమీషనులోనుండియే చిల్లర దుకాణమునకు వాటా ఇయ్యవలెను. గిడ్డంగి అద్దె, పనివాని జీతము, కొనువానికిచ్చు తగ్గింపు, అన్నియు నందులోనివే. అందుచేత రచయిత కమీషనును తగ్గింపుమని బతిమాలుటకంటె, దానిని ముందే తలచుకొని వెల నిర్ణయించుట మేలు. ఇప్పుడు డిజిటల్ ముద్రణమున 100 ప్రతులు మాత్రమే వేయించుకొను వీలు కలదు. ఒక్కొక్క ప్రతికి ఖర్చు కొంత యెక్కువగును. అయినను మంచముక్రింద సొమ్ము చిక్కుకొనదు. తొలి నూఱు చెల్లిన పిదప మరల వేయించుకొనవచ్చును. పండితులవారి కీ మాట ముందే తెలిసియుండిన బాగుండెడిది.

అచ్చుకు పోవుటకు ముందే చేయవలసిన పనులు మఱికొన్ని యున్నవి. ఐ.ఎస్.బి.ఎన్. అను 13 అంకెల గ్రంథసంఖ్య యొకటి కలదు. మన దేశపు పుస్తకములకది 978-81 అనిగాని 978-93 అనిగాని మొదలగును. రాజా రామమోహన్ రాయ్ పేర కేంద్ర ప్రభుత్వము నడుపు సంస్థ దీనిని ఉచితముగా నిచ్చును. ఈ సంఖ్య లేకున్నను తెలుగు దుకాణములలో చాల పుస్తకములు చెల్లుచునే యున్నవి. కాని ఆన్‌లైను అమ్మకములకును, పెద్ద దుకాణముల కంప్యూటరు లెక్కలకును ఇది కావలెను. వెనుక అట్టపై దీని బార్‌కోడును, వెలను స్పష్టముగా వేయించవలెను. పుస్తకపు వెన్నుపై పేరు తప్పక యుండవలెను. అలమారలో పుస్తకము నిలువుగా నుండును. వెన్ను బోసిగా నున్నచో దుకాణమువానికే దాని పేరు తెలియదు. మా పండితులవారు ముఖచిత్రమునకై చిత్రకారుని చుట్టు మూడు మాసములు తిరిగి, వెన్నును మఱచిరి.

తెలుగు పుస్తకములలో లోపలి తొలిపుటలయందు “ప్రతులకు” అను శీర్షిక యుండుట చదువరు లెఱుగుదురు. అది అలంకారము కాదు. పుస్తకము నచ్చినవాడు రెండవ ప్రతికై చూచునది ఆ చోటే. రచయిత చిరునామాయు ఫోను సంఖ్యయు అందుండవలెను. దుకాణముల పేరులు వేయుటకు ముందు వారి యనుమతి పొందవలెను; అడుగక వేసిన పేరునుబట్టి పాఠకుడు పోయి లేదనిపించుకొనిన, రచయితకే తలవంపులు.

సొంతముగా వేయించుకొనిన రచయిత చట్టము దృష్టిలో ప్రచురణకర్త యగును. 1954 నాటి చట్టము ప్రకారము పుస్తకము వెలువడిన 30 దినములలో ఒక ప్రతిని కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, ఒక్కొక్క ప్రతిని చెన్నపట్టణపు కన్నెమరా, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయములకును పంపవలెను. నాలుగు ప్రతులు పోయెనేయని చింతింపనక్కఱలేదు. చెదలకు పండ్రెండు పోయిన పండితులవారు ఈ నాలుగింటిని సంతోషముతో పంపిరి.

ఇక అంగడికి పోవు విధము. మూట నెత్తిన పెట్టుకొని పోరాదు. ఒక్క ప్రతిని, ఒక చిన్న కాగితమును తీసికొని పోవలెను. కాగితమున పుస్తకపు పేరు, పుటల సంఖ్య, వెల, ఇయ్యగల కమీషను, ఫోను సంఖ్య, పుస్తకమెవరిని గూర్చినదో తెలుపు రెండు వాక్యములు, ఇవి చాలును. జూన్ మాసమున పోరాదు. బడులు తెఱచు దినములలో దుకాణమువానికి నోటుబుక్కులు, పాఠ్యపుస్తకములు తప్ప మఱియొకటి కానరాదు.

మేము ప్రవేశించిన యొక దుకాణమున యజమాని పుస్తకమును త్రిప్పిచూచి, “అయ్యవారూ, మీ పుస్తకము బాగుగానే యుండవచ్చును. కాని మా అలమారలో మీది పెట్టవలెనన్న నింకొకటి తీయవలెను. దేనిని తీయమందురు?” అనెను. ఆ అలమారలో నున్నవి చాలవఱకు పోటీపరీక్షల గైడులు. పండితులవారు మారు పలుకలేక బయటికి వచ్చిరి. బస్సు వచ్చువఱకు ఆయన మాటలాడలేదు. మఱునాడు ఆయనయే మా యింటికి వచ్చి, “అతడడిగినదానికి జవాబు నా యొద్ద నున్నది. ఈ పుస్తకములో నున్న పల్లెలవారు ఆ దుకాణమునకు వచ్చెడివారే” అనిరి. మరల పోయినపుడు పుస్తకమున వచ్చు పదునాలుగు గ్రామముల పేరులను కాగితమున వ్రాసికొని పోయిరి. యజమాని చదివి, తన మేనమామ యూరు అందుండుట చూచి, నవ్వి, ఐదు ప్రతులుంచుమనెను. వీరు పది ఇయ్యబోగా మేము చేయి పట్టుకొంటిమి. అడిగినదానికంటె తక్కువ సరకుండుట నయము. చెల్లిన పిదప నతడే కబురు పంపును, చెల్లనిచో తిరిగి తెచ్చుకొనుట సులువు.

దుకాణములు క్రొత్త రచయిత పుస్తకమునకు ముందుగా సొమ్మియ్యవు. అమ్ముడుపోయిన పిదప నిచ్చుటయే వాడుక. కావున రసీదు తప్పనిసరి. ఎన్ని ప్రతులు, ఏ వెల, ఎంత కమీషను, లెక్క ఎన్ని మాసములకు చూడవలెను, చెడిన ప్రతుల నష్టమెవరిది, ఈ ఐదు సంగతులు అందుండి, యజమాని సంతకముండవలెను. మూడు మాసముల కొకమాఱు పోయి లెక్క చూచుకొనవలెను. అడుగుటకు సిగ్గుపడు రచయితను దుకాణమువాడు గుర్తుంచుకొనడు. పోయినపుడెల్ల అలమారను కూడ చూడవలెను. మా పుస్తకము ఒకచోట వంటల పుస్తకములలో దొరకినది.

దూరపు పట్టణములకు రచయిత స్వయముగా పోజాలడు. అచ్చట విశాలాంధ్ర, ప్రజాశక్తి, హైదరాబాదు కాచిగూడలోని నవోదయ వంటి సంస్థలు తెలుగు పుస్తకముల విక్రయమున పేరు గడించినవి. ఇట్టివారు తీసికొనిన పుస్తకము పలు ఊళ్లకు చేరగలదు. కాని కమీషను పోవును, సొమ్ము ఆలస్యముగా వచ్చును, లెక్క మన కంటికి దూరమగును. మా యభిప్రాయమున క్రొత్త రచయిత ముందు తన జిల్లాలో నాలుగైదు దుకాణములలో చెల్లించుకొని, ఆ లెక్కను చూపి పెద్ద పంపిణీదారును కలిసికొనుట మంచిది. ఇన్ని ప్రతులు ఇన్ని మాసములలో పోయినవని చెప్పువాని మాటకు, నా పుస్తకము చాల గొప్పదని చెప్పువాని మాటకు అంగడిలో చాల భేదము కలదు.

1989 మొదలు జనవరి తొలిదినములలో విజయవాడలో జరుగుచున్న పుస్తక మహోత్సవము, డిసెంబరు ప్రాంతమున జరుగు హైదరాబాదు పుస్తక ప్రదర్శనము దుకాణదారులను, పాఠకులను ఒక్కచోట చూపును. ఒంటరిగా స్టాలు తీసికొనుట పేద రచయితకు తగదు. నలుగురైదుగురు గలసి తీసికొనవచ్చును, లేదా పరిచయమున్న ప్రచురణకర్త స్టాలులో కొన్ని ప్రతులుంచవచ్చును. గ్రంథాలయములను మఱువరాదు. మనము చెల్లించు ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయపు సెస్సు వసూలగుచున్నది. ఆ సొమ్ముతో నడచునవే జిల్లా గ్రంథాలయ సంస్థలు. వారి కొనుగోలు ఏటేట నిలుకడగా జరుగదు. అయినను ప్రకటన వెలువడినపుడు దరఖాస్తుకు పుస్తకము సిద్ధముగా నుండవలెను.

టపా ద్వారా పంపువారికి ఒక సౌకర్యము. విద్యా సాంస్కృతిక గ్రంథములకై 2025 మే మాసమున తపాలాశాఖ జ్ఞాన్ పోస్ట్ అను పద్ధతిని ప్రవేశపెట్టినది. అప్పటి రేటు 300 గ్రాములవఱకు 20 రూపాయలు, 5 కిలోలవఱకు 100 రూపాయలు, పన్ను వేఱు. వాణిజ్య ప్రకటనలున్న పుస్తకముల కిది చెల్లదు.

పండితులవారి నోటుబుక్కులో నిప్పుడు ఆఱు దుకాణముల పేరులున్నవి. ప్రతి పేరునకెదురుగా ఇచ్చినవి, చెల్లినవి, రావలసినది అని మూడు గీతలు గీసికొనినారు. మేనమామ యూరి యజమాని ఐదు ప్రతులు చెల్లించి, మఱి ఐదు తెమ్మని కబురుపంపినాడు. పెట్టుబడి యింకను తిరిగిరాలేదు. మంచముక్రింద 142 ప్రతులున్నవి. ఇటుకలపై పలక వేసి, వేపాకు చల్లి, నేలకు తగులకుండ పెట్టినారు.