పండక్కి వస్తారా, పండగనాడు వస్తారా?

నేను కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి. అయినా పిల్లలు ఉద్యోగాలకీ, పై చదువులకీ ఇంగ్లీషులో రాసుకున్న ఉత్తరాలు పట్టుకుని నా దగ్గరికే వస్తుంటారు. ఇంగ్లీషు మేష్టారు కోప్పడతారనీ, తెలుగు మేష్టారయితే జాలిపడతారనీ వాళ్ళ నమ్మకం కాబోలు. ఆ ఉత్తరాల్లో పెద్ద పెద్ద మాటలన్నీ సక్రమంగానే ఉంటాయి. ఎటొచ్చీ ఎట్, ఆన్, ఇన్ అనే మూడు చిన్నమాటలే పంటికింద రాళ్ళవుతాయి.

నేను చెప్పే మందు ఒకటే. ముందు తెలుగులో అనుకోండి. పదింటికి రమ్మంటాం, ఆదివారంనాడు రమ్మంటాం, జనవరిలో రమ్మంటాం. ‘పదింటిలో రా’ అనిగాని, ‘జనవరినాడు రా’ అనిగాని చంటిపిల్లలు కూడా అనరు. ఆ ‘కి’ ఉన్నచోట ఎట్, ‘నాడు’ ఉన్నచోట ఆన్, ‘లో’ ఉన్నచోట ఇన్ పెట్టి చూడండి, చాలామట్టుకు సరిపోతుంది. మనకి స్వాతంత్ర్యం వచ్చింది 1947లో, అంటే ఇన్. ఆగస్టు 15న, అంటే ఆన్. అర్ధరాత్రి పన్నెండింటికి, అంటే ఎట్. వచ్చిన స్వాతంత్ర్యం ఒకటే, గడియారం దగ్గరికి జరిగేకొద్దీ మాట మారింది.

(చిన్నయసూరిగారు ‘కి’నీ ‘లో’నూ షష్ఠిలో వేశారు, ‘న’ను సప్తమిలో వేశారు. ఆ లెక్క ఇక్కడికి పనికిరాదు. మనకి కావలసింది వంటింట్లో మాట్లాడుకునే తెలుగు.)

ఇక పండుగలు. ‘అల్లుడు సంక్రాంతికి వస్తాడు’ అంటే భోగికి దిగవచ్చు, కనుమ వెళ్ళాక బయలుదేరవచ్చు. ‘సంక్రాంతినాడు వస్తాడు’ అంటే ఆ ఒక్కరోజే. ఇంగ్లీషువాడికీ సరిగ్గా ఇదే తేడా. ఎట్ క్రిస్మస్ అంటే ఆ పండుగ రోజులన్నీను. ఆన్ క్రిస్మస్ డే అంటేనే డిసెంబరు 25.

ఈ కాస్త తేడాకి మాకు తెలిసినవారింట్లో ఒక సంబంధం తప్పిపోబోయింది. విదేశంలో ఉన్న మగపెళ్ళివారు ఎట్ క్రిస్మస్ పిల్లను చూడటానికి వస్తామని రాశారు. వీళ్ళు 25 అనుకుని చుట్టాలను పిలుచుకుని కూర్చున్నారు. వాళ్ళు 29న వచ్చారు. ఫోను చేసి అడగవచ్చు కదా అంటారా? అడిగితే చులకనవుతామని ఆడపిల్లవారి బెంగ! ‘మాట నిలుపుకోనివాళ్ళకి పిల్లనివ్వను’ అని తండ్రి మొండికేశాడు. పిల్ల మేనమామ ఆ ఉత్తరం తెచ్చి నాకు చూపించాడు. ‘బావగారూ, వాళ్ళు పండక్కి వస్తామన్నారు, పండగనాడు వస్తామనలేదు’ అని ఆయనే వెళ్ళి చెప్పాడు. మాఘంలో పెళ్ళి అయింది.

నా మందు పనిచెయ్యని చోట్లూ ఉన్నాయి. పొద్దున ఇన్ ది మార్నింగ్, రాత్రి మాత్రం ఎట్ నైట్. పొద్దునకి ముందు వారం పేరు చేరిందా, ఆన్ సండే మార్నింగ్ అయిపోతుంది. వారం చివరి సెలవులకి లండనువాడు ఎట్ ది వీకెండ్ అంటాడు, అమెరికావాడు ఆన్ ది వీకెండ్ అంటాడు. ఎవరికి రాస్తే వారి మాట రాయండి. నెక్స్ట్ సండే, లాస్ట్ ఇయర్ వంటివాటికి ముందు ఏదీ తగిలించనక్కరలేదు. ‘వచ్చే ఆదివారం వస్తాను’ అని మనమూ ఊరికే అంటాం కదా.

వీటన్నిటికంటే ప్రమాదం బై, టిల్ అనే జంటతో. బై మండే అంటే సోమవారానికల్లా, టిల్ మండే అంటే సోమవారందాకా. బై మండే బాకీ కడతాననబోయి టిల్ మండే కడతానని రాశారనుకోండి, సోమవారందాకా రోజూ కడుతూనే ఉంటానన్నట్టు! అప్పిచ్చినవాడు ఆ ఉత్తరం పదిలంగా దాచుకుంటాడు.

అన్నట్టు, బండి ఆన్ టైమ్ వచ్చిందంటే సరిగ్గా వేళకి వచ్చిందని. మనం ఇన్ టైమ్ వెళ్ళామంటే అది కదిలేలోగా చేరుకున్నామని. మొదటిది రైలువారి చేతిలో పని, రెండోది ఇంట్లో ఆడవాళ్ళు ముస్తాబవుతారో, మగవాళ్ళు తాళంచెవి వెతుకుతారో దాన్నిబట్టి ఉంటుంది.