మీకు తెలుసా? బడ్డీ గై గిటారుపై తెల్లచుక్కల కథ

అమెరికా నల్లజాతి శ్రామికుల పాటల నుంచి పుట్టిన బ్లూస్ సంగీతంలో అగ్రగణ్యుడైన బడ్డీ గై, 1936లో లూసియానా రాష్ట్రంలోని లెట్స్‌వర్త్‌లో, పంటలో వాటాకు సేద్యం చేసే కుటుంబంలో పుట్టి, 1957లో షికాగో చేరాడు. వీణలో గమకానికి తీగను పక్కకు లాగినట్టే స్వరాన్ని వంచడం, స్పీకరు ధ్వని తిరిగి తీగలను కదిలించగా ఆగక సాగే నాదాన్ని, అంటే ఫీడ్‌బ్యాక్‌ను, వాద్యంలో భాగం చేసుకోవడం ఆయన శైలి. చెస్ రికార్డ్స్ అధిపతి లియొనార్డ్ చెస్‌కు అది రొదగా తోచడంతో, ఆ సంస్థ ఆయనను ఎక్కువగా ఇతరుల పాటలకు సహవాద్యకారుడిగానే వాడుకుంది. అదే ధోరణి జిమీ హెండ్రిక్స్, ఎరిక్ క్లాప్టన్ వంటి రాక్ కళాకారులకు ఒరవడి అయిన కాలంలో, ఆయన పగలు చెడిపోయిన వాహనాలను లాగే ట్రక్కు నడిపేవాడు. విస్తృతమైన గుర్తింపు 1991 నాటి ‘డామ్ రైట్, ఐవ్ గాట్ ద బ్లూస్’ ఆల్బమ్‌తో గానీ రాలేదు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు 2005లో దక్కింది. ఇక ఆ తెల్లచుక్కలు: చుక్కల కాడిలాక్ కారులో తిరిగివస్తానని తల్లికిచ్చిన మాటను ఆమె బతికుండగా నెరవేర్చలేని కొడుకు, ఆ చుక్కలను గిటారుపై వేయించుకున్నాడు.