పట్టాల పక్కన ఉన్న ఆధారాలు

మంజీర ఏడు పాయలుగా చీలి ప్రవహించే ఏడుపాయల క్షేత్రానికి రైలులో వెళ్లే యాత్రికులు మెదక్‌లో దిగాలి. 2022లో ప్రారంభమైన ఈ మార్గం అక్కన్నపేట వద్ద సికింద్రాబాదు - నిజామాబాదు మార్గం నుండి విడివడి మెదక్‌లో ముగుస్తుంది.

పేరు పలక కనిపించని ఛాయాచిత్రంలో స్టేషనును ఎలా గుర్తించగలం? పట్టాల చివర అడ్డుదిమ్మె ఉంటే అది మెదక్ వంటి చివరి స్టేషను కావచ్చు. అయితే అటువంటి దిమ్మెలు ఇతర స్టేషన్ల పక్కదారులలోనూ ఉంటాయి. కనుక ఒక్క గుర్తుతోనే నిర్ణయానికి రాకూడదు.

విద్యుదీకరించిన మార్గాలలో తీగలను మోసే స్తంభాలపై రెండు సంఖ్యలుంటాయి. పై సంఖ్య కిలోమీటరును, కింది సంఖ్య ఆ కిలోమీటరులో స్తంభపు వరుసను తెలుపుతాయి. ఏ మార్గమో తెలిస్తే వీటితో స్థలాన్ని కచ్చితంగా నిర్ణయించవచ్చు. ప్రమాద సమయంలో 139కు ఫోను చేసి ఈ సంఖ్యలు చెబితే, సహాయకులు వెతుకులాట లేకుండా ఆ చోటికే చేరగలరు.