నేలను వదలని డ్రోను

మీరు ఇంట్లో తయారుచేసిన డ్రోను నాలుగు మోటార్లూ గిర్రున తిరుగుతున్నాయి. రొద చెవులు పగులగొడుతోంది. కాని అది మాత్రం నేలను వదలడం లేదు! కారణమేమిటి?

ముందుగా రెక్కలు ఊడదీయండి. పరీక్ష చేసేటప్పుడు అవి ఉంటే వేళ్ళు తెగుతాయి, ఇది మాత్రం మరువరాదు. ఒక్కో మోటారుకు చిన్న కాగితం ముక్క అతికించి తిప్పితే దిశ తెలుస్తుంది. ఎదురు మూలల్లోని రెండు మోటార్లు ఒకవైపు, మిగిలిన రెండూ అందుకు వ్యతిరేకంగా తిరగాలి. తప్పుగా తిరిగే రెక్క గాలిని పైకి తోసి డ్రోనును నేలకే అదుముతుంది.

దీని మందు కోనరావుపేట పొలాల్లోనే ఉంది. మూడు ఫేజుల బావి మోటారు ఉల్టా తిరిగి నీళ్ళు సరిగా పోయకపోతే, కరెంటు ఆపి రెండు తీగలను తారుమారు చేస్తారు కదా! డ్రోనులోని బ్రష్‌లెస్ మోటారుకూ మూడే తీగలు. బ్యాటరీ తీసి, ఏ రెండింటినైనా మార్చండి.

రెక్కలను తలకిందులుగా బిగించినా బలం తగ్గుతుంది. అక్షరాలున్న వైపు పైకి ఉండాలి.

ఇక బరువు. కిలో డ్రోనును మోయడానికే ఒక్కో రెక్క 250 గ్రాముల బలమివ్వాలి, ఎగరడానికి అంతకు మించి కావాలి. మొత్తం బలం బరువుకు రెట్టింపు ఉంటే మేలు. ఛార్జి తగ్గిన బ్యాటరీ అంత ఇవ్వలేదు.

1907లో ఫ్రాన్సులో బ్రెగె సోదరులు నాలుగు రోటార్ల యంత్రంతో మనిషిని లేపారు. అది లేచింది సుమారు 60 సెంటీమీటర్లే. అదీ నలుగురు నాలుగు మూలలా పట్టుకొంటేనే!