బైబిలు ఆచార్యపీఠములు - అధికారినిర్ణయము

శాస్త్రగ్రంథారంభమున విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి యను ననుబంధచతుష్టయమును దెలుపుట పూర్వుల యాచారము. వీనిలో నధికారి యనఁగా నా శాస్త్రమును జదువఁదగినవాఁడు. చదువఁదగినవానిని నిర్ణయించుటయే యింత ముఖ్యమైనచోఁ జెప్పఁదగినవానిని నిర్ణయించుట యెంత ముఖ్యమో వేఱుగఁ జెప్ప నక్కఱలేదు. పాశ్చాత్య విశ్వవిద్యాలయములలో బైబిలు బోధించు నాచార్యపీఠ మెప్పుడు ఖాళీయైనను ఈ యధికారివిచారమే ముందు బయలుదేఱుచు వచ్చినది. హీబ్రూ, గ్రీకు మొదలగు భాషలలోఁ గృతశ్రముఁడైన పండితుఁడు చాలునా? లేక యతఁడు క్రైస్తవసంఘ విశ్వాసమునకును బద్ధుఁడై యుండవలెనా? ఈ ప్రశ్నకుఁ గలిగిన సమాధానములును, వానివలనఁ బండితులు పడిన పాట్లును, పీఠముల పేళ్లలో వచ్చిన మార్పులును ఇందు సంగ్రహముగా వివరింపఁబడుచున్నవి.

ఇంగ్లండు రాజగు ఎనిమిదవ హెన్రీ 1540లో కేంబ్రిడ్జియందును, 1546లో ఆక్స్‌ఫర్డునందును హీబ్రూ పీఠములను స్థాపించెను. కేంబ్రిడ్జి పీఠమునకు నాఁడు నిర్ణయింపఁబడిన వార్షికవేతనము 40 పౌనులు. ఇవి రాజస్థాపితము లగుటచే వీనికి 'రీజియసు' పీఠములని పేరు వచ్చెను. ఆక్స్‌ఫర్డు పీఠమునకుఁ బదునేడవ శతాబ్దమునఁ గ్రైస్టుచర్చి ప్రధానదేవాలయములోని కానను పదవి జోడింపఁబడెను. కానను అనఁగా నట్టి దేవాలయమున వసతియు, ఆదాయమును, అర్చనాధికారమును గల గురుపదవి. దానిఁ బొందుటకు గురుదీక్ష యావశ్యకము. కాఁబట్టి యచ్చట హీబ్రూవ్యాకరణము చెప్పుటకుఁగూడ గురుదీక్ష యావశ్యక మయ్యెను.

ఈ పీఠమున ఎడ్వర్డు పూసీ 1828 మొదలు 1882లోఁ దన మరణము వఱకు, అనఁగా 54 ఏండ్లు, ఉండెను. పూర్వసంప్రదాయమును గాపాడుట తన ధర్మమని యాతని నిశ్చయము. దానియేలు గ్రంథము సంప్రదాయము చెప్పునట్లు క్రీస్తుపూర్వ మాఱవ శతాబ్దమునాఁటి ప్రవక్త రచనయే యని స్థాపించుటకు 1864లో నాతఁ డొక పెద్ద గ్రంథము ప్రకటించెను. అటుపిమ్మట నాపీఠము ఎస్. ఆర్. డ్రైవరునకు లభించెను. డ్రైవరు 1891లోఁ బ్రకటించిన పాతనిబంధన సాహిత్యోపోద్ఘాతమున భాషాప్రమాణములను, చరిత్రప్రమాణములను బట్టి యా దానియేలు గ్రంథమే క్రీస్తుపూర్వము రెండవ శతాబ్దమునాఁటి దని నిర్ణయించెను. పీఠ మొకటే, గ్రంథ మొకటే, ఇరువురును గురుదీక్షితులే. సిద్ధాంతములు మాత్రము పరస్పరవిరుద్ధములు. దీక్ష పండితుని యభిప్రాయమును నియమింపఁజాలదని దీనివలనఁ దేలుచున్నది.

అయినను నా నియమము పండితులను బయట నిలుపఁజాలియుండెను. 1871 నాఁటి చట్టముచే ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి, డరహాము విశ్వవిద్యాలయములలోఁ బెక్కుపదవులకు మతప్రతిజ్ఞ తొలఁగింపఁబడెను గాని, గురుపదవితో ముడిపడిన పీఠముల కా సడలింపు వర్తింపలేదు. డ్రైవరు కుమారుఁడు గాడ్‌ఫ్రే డ్రైవరు సెమిటిక్ భాషలలోఁ దండ్రికిఁ దీసిపోని పండితుఁడు. న్యూ ఇంగ్లీషు బైబిలు పాతనిబంధన భాగానువాదమునకు ముఖ్యులలో నొకఁడు. ఆతఁడు దీక్ష గొననివాఁడు గావునఁ దండ్రి పీఠ మాతనికి దక్కలేదు. 1938లో సెమిటిక్ భాషాశాస్త్రాచార్యుఁ డను వేఱొక పదవి మాత్రము లభించెను.

ఈ విషయమున మిక్కిలి ప్రసిద్ధమైన వివాదము స్కాట్లండునందు జరిగినది. అచ్చట ఫ్రీచర్చి యను సంఘమువారు తమ గురువులకు విద్య గఱపుటకై ఆబర్డీను నగరమున నొక కళాశాలను నడపుచుండిరి. అందలి హీబ్రూపీఠమునకు 1870లో విలియం రాబర్ట్‌సన్ స్మిత్తు నియుక్తుఁ డయ్యెను. అప్పటి కాతనికి 24 ఏండ్లు నిండలేదు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా తొమ్మిదవ కూర్పునకై యాతఁడు వ్రాసిన 'బైబిలు' అను వ్యాసము 1875లో వెలువడెను. ద్వితీయోపదేశకాండము మోషే రచన గాక యనంతరకాలమున నేర్పడిన దను మతమును అం దాతఁ డంగీకరించెను. వ్యాసము పండితులకొఱకు వ్రాయఁబడినది. దానిపై విచారణ జరపినది సంఘము. 1877లో నాతఁడు బోధనమునుండి నిలుపఁబడెను. 1880లో మందలింపుతో విడువఁబడెను. అంతలో నా గ్రంథముననే హీబ్రూ భాషాసాహిత్యములను గూర్చి యాతని వ్యాసము మఱొకటి వెలువడఁగా, వివాదము మరల రగిలి, 1881లో సంఘమహాసభ యాతనిఁ బీఠమునుండి తొలఁగించెను. ఆతనిపై మోపఁబడిన నేరములలో హీబ్రూ రాదను మాట లేదు.

పిమ్మట నాతఁడు కేంబ్రిడ్జికిఁ బోయి 1883లో అరబీ బోధకుఁడును, 1886లో విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారియు, 1889లో అరబీ ఆచార్యుఁడును ఆయెను. సెమిటిక్ జాతుల మతమును గూర్చి యాతఁ డిచ్చిన యుపన్యాసములు 1889లో గ్రంథరూపమునఁ బ్రకటితములై సమాజశాస్త్రజ్ఞులకును మార్గదర్శకము లయ్యెను. ఆ యుపన్యాసము లిచ్చినది తనను వెడలఁగొట్టిన యాబర్డీను నగరముననే.

జర్మనీయందు యూలియసు వెల్‌హౌసెను కథ వేఱు. ఆతనిని తొలఁగించినవారు లేరు, తానే తొలఁగెను. మోషే ధర్మశాస్త్రములోని యాజకవిధులు ఇశ్రాయేలు చరిత్రకు మొదటివి గాక చివరివని 1878 నాఁటి గ్రంథమున వాదించిన యీ పండితుఁడు గ్రైఫ్స్‌వాల్డు విశ్వవిద్యాలయమున దైవశాస్త్రాచార్యుఁడు. బైబిలును శాస్త్రదృష్టితోఁ బరిశీలించుటయం దాసక్తిచేఁ దా నీ వృత్తిలోఁ జేరితి ననియు, విద్యార్థులను సంఘసేవకు సిద్ధపఱచుటయు నీ పదవిలోని విధియే యని క్రమముగాఁ దెలిసికొంటి ననియు, తన బోధ వారి నా సేవకుఁ దగనివారినిగాఁ జేయుచున్న దనియు 1882లోఁ బ్రభుత్వమునకు విన్నవించి పదవిని విడిచెను. తరువాత హాలే నగరమునఁ దక్కువ హోదాగల ప్రాచ్యభాషాచార్యపదవిని స్వీకరించెను. ఈ త్యాగమున సంఘపక్షమువారి వాదములోని సత్యమును వెల్‌హౌసెనే యొప్పుకొన్నట్లైనది. ఒక సంఘము తన గురువులకు విద్య గఱపుటకై నిలిపిన పీఠమున నా ప్రయోజనమును సాధింపఁగలవానిఁ గోరుట యన్యాయము గాదు. అన్యాయ మెచ్చటఁ గలుగుననఁగా, ఒకే పీఠమునకు రెండు ప్రయోజనములు చెప్పి, యొకదానికై పండితుని నియమించి, రెండవదాని కొఱకు శిక్షించునప్పుడు.

అమెరికాలో చార్లెసు బ్రిగ్సు విషయమున జరిగినది యిట్టిదే. న్యూయార్కు యూనియన్ దైవశాస్త్ర కళాశాలవారు 1870లో నాచార్యనియామకములను ద్రోసివేయు నధికారమును బ్రెస్బిటీరియను మహాసభ కిచ్చియుండిరి. 1891లో బ్రిగ్సు క్రొత్త పీఠమున బైబిలు ప్రామాణ్యమును గూర్చి ప్రారంభోపన్యాసము చేయఁగా, మహాసభ యా యధికారమును బ్రయోగించెను. కళాశాలవా రందులకు లోఁబడక 1892లో సభతోడి యొడంబడికను ద్రెంచుకొనిరి. 1893లో సభ బ్రిగ్సును గురుత్వమునుండి నిలిపెను. పీఠము మాత్ర మాతనిదే యయ్యెను. గాడ్‌ఫ్రే డ్రైవరు తండ్రితో గలిసి బ్రిగ్సు సంపాదించిన హీబ్రూ నిఘంటువు నేఁటికిని విద్యార్థులచేతనున్నది.

భారతీయపండితు లెఱిఁగిన యుదాహరణ మొకటి యిచ్చటఁ బొందుపఱుపఁదగును. ఆక్స్‌ఫర్డునందలి బోడెను సంస్కృతపీఠమును స్థాపించిన దాత తన మరణశాసనమున, భారతీయులను బైబిలు జ్ఞానముచేఁ గ్రైస్తవులను జేయుట దానికిఁ బ్రయోజనమని వ్రాసెను. 1860లో విల్సను మరణముచే నది ఖాళీకాఁగా ఋగ్వేదసంపాదకుఁ డగు మాక్సుముల్లరును, మోనియర్ విలియమ్సును పోటీపడిరి. మోనియర్ విలియమ్సు 833 మతములును, మాక్సుముల్లరు 610 మతములును బడసిరి. ఓడినవాఁడు జర్మనీలోఁ బుట్టినవాఁ డగుటయు, ఆతని మతాభిప్రాయములపైఁ బలువురకు సందేహ ముండుటయు నీ ఫలితమునకుఁ గారణములలోనివి. 1868లో నాతనికి భాషాతులనశాస్త్రపీఠము లభించెను. స్మిత్తునకు అరబీ, వెల్‌హౌసెనునకు ప్రాచ్యభాషలు, ముల్లరునకు భాషాతులనము: పండితుఁడు వేఱొక శాస్త్రపు పేర తన చోటు తాను వెదకికొనెను.

క్రమముగాఁ బీఠములే మాఱినవి. 1904లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమున మతప్రతిజ్ఞ లేని దైవశాస్త్రశాఖ యేర్పడఁగా, బైబిలు విమర్శపీఠమున మొదట నియుక్తుఁ డైనవాఁడు ఏ. ఎస్. పీకు. ఆతఁడు మెథడిస్టు, గురుదీక్ష లేనివాఁడు. అమెరికాలో 1963 నాఁటి తీర్పున నత్యున్నతన్యాయస్థానము ప్రభుత్వపాఠశాలలలో బైబిలు పారాయణమును నిషేధించుచునే, సాహిత్యముగాను జరిత్రగాను బైబిలును నిష్పక్షపాతముగాఁ జదువుట దోషము గాదనెను. అటుపిమ్మటఁ బ్రభుత్వ విశ్వవిద్యాలయములలో మతాధ్యయనశాఖలు విస్తరిల్లెను.

జర్మనీలో మాత్రము పాత ప్రశ్న మరలఁ దలయెత్తెను. గటింగెనునఁ గ్రొత్తనిబంధన పీఠమునందున్న గెర్డు లూడెమను 1998లోఁ దాను క్రైస్తవవిశ్వాసమును విడిచితినని ప్రకటించెను. విశ్వవిద్యాలయమువా రాతనిఁ దొలఁగింపలేదు. 'ఆదిక్రైస్తవ చరిత్రసాహిత్యములు' అని యాతని పీఠమునకుఁ బేరు మార్చి, గురువిద్యాభ్యాసమునుండి యాతని బోధను వేఱుచేసిరి. ఆతఁడు న్యాయస్థానముల కెక్కెను. 2008లో రాజ్యాంగన్యాయస్థానము విద్యాస్వాతంత్ర్యమును, సంఘముయొక్క స్వయంనిర్ణయాధికారమును దూఁచి, విశ్వవిద్యాలయమువారి చర్యనే నిలిపెను.

నేఁడు బైబిలుపీఠ ప్రకటనలను జదువువారు పై చరిత్రము నెఱిఁగియున్నచో నొక్కొక్క పదమునకును అర్థము తోఁచును. 'పాతనిబంధన' యనుట క్రైస్తవదృష్టితో నిడిన పేరు. 'హీబ్రూ బైబిలు' అనుట యూదులకును, మతనిరపేక్షులకును సమ్మతమగు పేరు. 'విశ్వాసప్రకటనముపై సంతకము' అని యుండునెడ సంఘాధీనమగు విద్యాలయ మని యెఱుఁగనగును. హీబ్రూ, అరమాయికు, గ్రీకు, అక్కాదు, ఉగారితు భాషలకై యౌవనమును వెచ్చించిన పండితుఁడు ప్రకటనలోఁ గనుపింపని నియమము పిమ్మట బయలుపడుటచేఁ బదవిఁ గోలుపోయినచో, నా నష్టము వానిది మాత్రమే గాదు. వానివలన విద్య నేర్వవలసిన శిష్యులదియును.

అధికారి విషయప్రయోజనములనుబట్టి నిర్ణీతుఁ డగునని శాస్త్రకారులు చెప్పిన క్రమ మిచ్చటఁ జక్కఁగా వర్తించును. గురువులను సిద్ధపఱచుట ప్రయోజనమైన పీఠమునకు విశ్వాసి యధికారి. గ్రంథపాఠమును, భాషను, చరిత్రను శోధించుట ప్రయోజనమైన పీఠమునకుఁ బండితుఁ డధికారి. రెండును లోకమున నుండవచ్చును. పీఠమును నిలుపువారు దాని ప్రయోజనమును ముందుగాను, స్పష్టముగాను వ్రాయుట వారి విధి. స్మిత్తు నాఁ డా స్పష్టత యున్నచో, నాబర్డీను విద్యార్థులు తమ హీబ్రూ ఆచార్యుని గోలుపోయి యుండరు, లేదా యాతఁడు మొదటనే వేఱొకచోట వారికి దొరకియుండును.