వస్తువు ఒకటి, అడిగేవారు ముగ్గురు

ఇంట్లో మూలన పడి ఉన్న వస్తువు మరొకరికి అక్కరకు వస్తే మంచిదే. పూర్వం పాత సైకిలు అమ్మాలంటే వీధిలో నలుగురికి చెప్పేవాళ్లం. ఇప్పుడు ఓఎల్ఎక్స్‌లోనో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో, ఊరి వాట్సాప్ గ్రూపులోనో ఫోటో పెడితే చాలు, ఫోను మోగుతుంది. మన మైలవరంలో లకిరెడ్డి బాలిరెడ్డి ఇంజనీరింగు కళాశాల ఉంది గనుక, చదువు ముగించి వెళ్లే పిల్లల మంచాలు, కూలర్లు, బైకులు చేతులు మారడం సహజం.

చిక్కల్లా ఒకే వస్తువును ముగ్గురు అడిగినప్పుడు వస్తుంది. ఒకాయన కూలరుకు 4,000 రూపాయలని పెట్టాడనుకుందాం. తిరువూరు నుండి ఒక అబ్బాయి 3,500 ఇస్తానన్నాడు. "సరే బాబూ, రేపు ఉదయం వచ్చి తీసుకెళ్లు" అన్నాడాయన. రాత్రికి ఇంకొకరు 4,000 ఇస్తామన్నారు. కూలరు వారికి వెళ్లిపోయింది. ఆ అబ్బాయి పని మానుకొని, బస్సు చార్జీ పెట్టుకొని వచ్చి, ఉత్త చేతులతో తిరిగి వెళ్లాడు. అమ్మినాయనకు మిగిలింది 500 రూపాయలు. పోయిందేమిటో మనమే ఆలోచించుకోవాలి.

చట్టం ఏమంటుంది?

ప్రకటన పెట్టినంత మాత్రాన మొదట ఫోను చేసినవారికే అమ్మాలని లేదు. ప్రకటన అంటే సాధారణంగా "రండి, ధర చెప్పండి" అని పిలవడమే. కొనేవారు ధర చెబితే అది ప్రతిపాదన. అమ్మేవారు "సరే" అంటే బేరం కుదిరినట్లే. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం నడిచే దారి ఇదే. నోటిమాట ఒప్పందానికి కూడా విలువ ఉంది. అయితే పాత కూలరు కోసం కోర్టుకెక్కేవారెవరు? గనుక ఇక్కడ చట్టం కంటే మాటే పెద్దది.

ఇంగ్లండులో ఇళ్ల అమ్మకంలోనూ ఈ బాధ ఉంది. ఒకరికి సరేనని, తర్వాత ఎక్కువ ఇచ్చేవారి వైపు తిరగడానికి అక్కడ "గజంపింగ్" అని పేరే ఉంది. ఒప్పంద పత్రాలు మార్చుకునేవరకు అక్కడి చట్టం దాన్ని అడ్డుకోదు. అయినా దాన్ని మర్యాదగా ఎవరూ ఎంచరు.

రూతు గ్రంథం 4వ అధ్యాయం చూడండి. బోయజు పురద్వారం దగ్గర, పెద్దల ఎదుట, తనకంటే దగ్గరి బంధువును ముందుగా అడిగాడు. అతడు కాదన్న తర్వాతే పొలం తీసుకున్నాడు. వరుస తప్పలేదు, దాపరికం లేదు.

అమ్మేవారు పాటించవలసినవి

1. పద్ధతి ముందే చెప్పండి. "మొదట ఖాయం చేసినవారికే" అనవచ్చు. లేదా "ఆదివారం సాయంత్రం వరకు ధరలు చెప్పండి, తర్వాత తేలుస్తాం" అనవచ్చు. రెండూ న్యాయమే. మధ్యలో మార్చడమే అన్యాయం.

2. "ఇంకా ఉందా?" అని అడగడం బేరం కాదు. ధర ఒప్పుకొని, వచ్చే వేళ చెప్పినవారే వరుసలో ముందు.

3. లేని బేరగాణ్ణి సృష్టించకండి. "ఇంకొకరు 5,000 ఇస్తామన్నారు" అని ధర పెంచడం అబద్ధమే.

4. గడువు పెట్టండి. "రేపు పన్నెండు గంటలలోగా రండి, రాకపోతే తర్వాతివారికి ఇస్తాం" అంటే ఎవరికీ నొప్పి ఉండదు. బయానా తీసుకుంటే, బేరం తప్పితే తిరిగి ఇస్తారో లేదో రాసి పంపండి.

5. లోపాలు అందరికీ ఒకేలా చెప్పండి. అమ్ముడైన వెంటనే ప్రకటన తీసివేసి, ఎదురుచూసేవారికి ఒక్క మాట చెప్పండి.

6. ఎక్కువ ఇచ్చేవారికే అమ్మాలన్న నియమం లేదు. అవసరంలో ఉన్న విద్యార్థికి తగ్గించి ఇవ్వవచ్చు. అయితే ఆ నిర్ణయం ఇంకొకరికి "సరే" అనకముందే జరగాలి.

కొనేవారికీ మర్యాద ఉంది

ఐదుగురికి "వస్తున్నా" అని చెప్పి ఒకరి దగ్గరే కొనడం తగదు. రాలేకపోతే ముందే చెప్పాలి. ధర ఒప్పుకొని గుమ్మంలోకి వచ్చాక, చెప్పని లోపమేదీ కనిపించకపోయినా మళ్లీ బేరం మొదలుపెట్టడం మాట తప్పడమే.

జాగ్రత్తలు

యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ నొక్కనక్కరలేదు. నొక్కమన్నవాడు మోసగాడే. మోసపోతే వెంటనే 1930కి ఫోను చేయండి. బైకు అమ్మితే ఫారం 29, ఫారం 30 పూర్తిచేసి పేరు మార్పించండి. రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజులలోగా రవాణా శాఖకు తెలపాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం చెబుతోంది.

తెరమీద కనిపించేది పేరూ, అంకే. ఆ వెనుక ఉన్నది మనిషి. "సరే" అన్న తర్వాత ఎక్కువ ధర వస్తే, "క్షమించండి, మాట ఇచ్చేశాం" అని చెప్పండి. ఆ మాటకు 500 రూపాయలు ఖర్చయినా, అది నష్టం కాదు.