లీటరు ధర చూశాం, లెక్క చూశామా?

ఒక ఆదివారం కూడిక ముగిసిన తరువాత మా అరుగు మీద చిన్న వాదన జరిగింది. ఒక పెద్దాయన కొడుకు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆయన, "అయ్యగారూ, మావాడు ఫోనులో చెప్పాడు, అక్కడ పెట్రోలు మూడు డాలర్ల ముప్పై సెంట్లట. డాలరు 84 రూపాయలనుకుంటే 277 రూపాయలు! మనమే నయమండీ" అన్నారు. పక్కనున్న సోదరి ఊరుకోలేదు. ఆమె ఎనిమిదేళ్లు కువైట్‌లో పనిచేసి వచ్చింది. "అదేంటండీ బాబాయిగారూ, కువైట్‌లో లీటరు పాతిక రూపాయలు కూడా ఉండదు. నేను కళ్లారా చూశాను" అంది. ఇంతలో ఒక యువకుడు నవ్వుతూ, "అమెరికా, కువైట్ మనకెందుకండీ? యానాం వెళ్తే చాలు, లీటరుకు పన్నెండు రూపాయలు మిగులుతాయి" అన్నాడు.

ముగ్గురూ చూసిందీ విన్నదీ నిజమే. కాని ముగ్గురి లెక్కలోనూ ఏదో ఒకటి తప్పిపోయింది. పెట్రోలు ఇప్పుడు పాలు, బియ్యంలాగా ప్రతి ఇంటి ఖర్చు అయిపోయింది గనుక ఈ సంగతి కొంచెం నిదానంగా ఆలోచిద్దాం.

గ్యాలను వేరు, లీటరు వేరు

మొదట పెద్దాయన లెక్క. అమెరికాలో పెట్రోలు అమ్మేది లీటర్లలో కాదు, గ్యాలన్లలో. అమెరికా గ్యాలను అంటే సుమారు 3.785 లీటర్లు. మన పాతతరం వారు ఎరిగిన ఇంగ్లీషు గ్యాలను ఇంకా పెద్దది, నాలుగున్నర లీటర్ల పైచిలుకు. 2024లో అమెరికాలో గ్యాలను సగటున 3 డాలర్ల 30 సెంట్ల ప్రాంతంలో ఉంది. దాన్ని 3.785తో భాగిస్తే లీటరు సుమారు 87 సెంట్లు, అనగా 73 రూపాయలు. ఆ సంవత్సరమే మన ఆంధ్రప్రదేశ్‌లో లీటరు 109 రూపాయల చుట్టూ ఉంది. 277 అనుకున్నది 73కు దిగివచ్చింది! దేశాల ధరలు పోల్చేటప్పుడు కొలత ఏది, నాణెం ఏది అని ముందు అడగాలి.

చమురున్న దేశమైతే చౌకేనా?

కువైట్ సోదరి చెప్పినదీ సత్యమే. అక్కడ 2016 సెప్టెంబరులో సాధారణ రకం పెట్రోలు ధరను లీటరుకు 60 ఫిల్సుల నుంచి 85 ఫిల్సులకు పెంచారు. వెయ్యి ఫిల్సులు ఒక దీనారు. 2024 నాటి మారకంలో 85 ఫిల్సులు మన 23 రూపాయలు. "వాళ్ల నేలలో చమురుంది గనుక చౌక" అని మనం అనుకుంటాం. అయితే నార్వే దేశం సంగతి చూడండి. అదీ చమురు తీసి ప్రపంచానికి అమ్మే దేశమే. కాని అక్కడ 2023లో లీటరు మన లెక్కలో 150 రూపాయల పైనే. నార్వే పెట్రోలు మీద గట్టిగా పన్ను వేస్తుంది. చమురు మీద వచ్చిన సొమ్మును రాబోయే తరాల కోసం 1990లో చట్టం చేసి పెట్టుకున్న నిధిలో దాస్తుంది. కువైట్ తన ప్రజలకు చౌకగా పోస్తుంది. ఇద్దరి ఇంటా బావి ఉంది. ఒకరు నీళ్లు ఊరికే పోస్తున్నారు, ఒకరు వెలకట్టి ఆ డబ్బు దాస్తున్నారు.

ప్రభుత్వం భరించే చౌక ఎప్పటికీ నిలుస్తుందన్న పూచీ కూడా లేదు. నైజీరియా ఆఫ్రికాలో పెద్ద చమురు దేశం. 2023 మే నెలాఖరులో అక్కడ కొత్త ప్రభుత్వం పెట్రోలు రాయితీ తీసివేసింది. 200 నైరాల లోపు ఉన్న లీటరు కొద్ది రోజుల్లోనే 500 దాటింది. చౌక పెట్రోలును నమ్ముకుని చిన్న జనరేటరుతో దుకాణం నడుపుకొనేవారి గతి ఏమై ఉంటుందో ఊహించండి.

మన దగ్గర తేడా ఎక్కడ?

మన దేశంలో 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద ప్రభుత్వ నియంత్రణ తీసివేశారు. 2017 జూన్ 16 నుంచి ఏ రోజు ధర ఆ రోజే నిర్ణయించే పద్ధతి దేశమంతటా వచ్చింది. ముడిచమురు ఖరీదు, శుద్ధి, రవాణా, బంకు యజమాని కమీషను, వీటి మీద పన్నులు కలిపితే మనం కట్టే ధర. 2024లో కేంద్ర పన్ను లీటరుకు 19 రూపాయల 90 పైసలు. అమెరికా కేంద్ర ప్రభుత్వం వేసేది గ్యాలనుకు 18.4 సెంట్లు, అంటే లీటరుకు సుమారు 4 రూపాయలు. అది 1993 నుంచి మారలేదు. రాష్ట్రాల పన్ను అక్కడా ఇక్కడా వేరు.

2017లో జీఎస్టీ వచ్చినప్పుడు పెట్రోలును అందులో చేర్చలేదు. అందుకే రాష్ట్రానికో ధర. 2024లో ఆంధ్రప్రదేశ్ 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్ల కోసం మరో రూపాయి తీసుకునేది. అదే ఏడు మార్చిలో ఢిల్లీలో లీటరు 94 రూపాయల 72 పైసలు. యానాం మన గోదావరి ఒడ్డునే ఉన్నా పుదుచ్చేరి పాలనలోది. పుదుచ్చేరి పన్ను తక్కువ గనుక అక్కడి బంకుల్లో లీటరుకు పది రూపాయలకు తగ్గకుండా తేడా ఉండేది. రోడ్డు అదే, ఆకాశం అదే, పన్ను మాత్రం వేరు.

2021 ఫిబ్రవరిలో బీహారు సరిహద్దు పల్లెలవారు ఇలాగే నేపాలు వెళ్లి పెట్రోలు పోయించుకున్నారు. లీటరుకు సుమారు 20 రూపాయలు తక్కువ. విచిత్రమేమంటే, నేపాలుకు పెట్రోలు వెళ్లేది మన దేశం నుంచే! ఇక్కడినుంచి వెళ్లిన సరుకే అక్కడ చౌక.

కూలితో కొలవాలి

ధర ఒక్కటే చూస్తే అసలు బరువు తెలియదు. ఒక లీటరు కోసం ఎంతసేపు పనిచేయాలో చూడండి. అమెరికాలో చట్టం ప్రకారం కేంద్రం నిర్ణయించిన కనీస కూలి గంటకు 7 డాలర్ల 25 సెంట్లు. 87 సెంట్ల లీటరుకు అక్కడి కూలివాడు ఏడు నిమిషాలు పనిచేస్తే చాలు. మన రాష్ట్రంలో 2024-25లో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. ఎనిమిది గంటల పని అనుకుంటే, 109 రూపాయల లీటరుకు దాదాపు మూడు గంటలు ఎండలో గడ్డపార పట్టాలి. మోటారు సైకిలు తాళం తీసేటప్పుడు ఈ మూడు గంటలు గుర్తుంటే, పక్క వీధిలోని కిళ్లీకొట్టుకు కూడా బండి మీద వెళ్లాలనిపించదు.

చౌక కోసం వెళ్తే మిగిలేదెంత?

ఇక యువకుడి లెక్క. లీటరుకు 12 రూపాయల తేడా. ట్యాంకులో 5 లీటర్లు పోయిస్తే 60 రూపాయలు మిగులు. కాని పోను 20, రాను 20, మొత్తం 40 కిలోమీటర్లు. బండి లీటరుకు 50 ఇస్తే ముప్పాతిక లీటరు పైనే ఖర్చు. చౌక ధరలోనే 97 రూపాయల చొప్పున కట్టినా 78 రూపాయలు. చివరికి 18 రూపాయలు నష్టం, పూట పోవడం అదనం. వేరే పని మీద వెళ్లి దారిలో పోయించుకుంటే ఆ 60 నిజంగా మిగులు. పనిగట్టుకుని వెళ్తే కాదు.

ఈ లెక్క ఆ యువకుడికీ తెలుసు. అందుకే అతడు ఇరవై లీటర్ల ప్లాస్టిక్ క్యాను తీసుకెళ్లేవాడు! తెచ్చి వంటింటి తలుపు వెనుక పెట్టేవాడు. ఒక రాత్రి కరెంటు పోయింది. అతని భార్య అగ్గిపెట్టె చేతికి తీసుకుంది. అప్పుడే పెట్రోలు వాసన తగిలి ఆగిపోయింది. చీకట్లోనే పిల్లలను బయటికి నడిపించి కేక వేసింది. క్యాను మూత దగ్గర సన్నగా కారుతోంది. ఆమె పుల్ల గీసి ఉంటే మనం ఆ కుటుంబం గురించి వేరే విధంగా మాట్లాడుకునేవాళ్లం.

అమ్మలారా, అక్కలారా, ఇది బాగా గుర్తుంచుకోండి. పెట్రోలు సున్నాకు నలభై డిగ్రీల దిగువన కూడా మండే ఆవిరి విడుస్తుంది. ఆ ఆవిరి గాలికంటే బరువైనది. పైకి పోదు, నేల మీద పాకుతూ పొయ్యి దాకా వెళుతుంది. క్యానులో, సీసాలో పెట్రోలు ఇంట్లో ఉంచవద్దు.

ఇంటి దగ్గరే దొరికే చౌక

వారానికోసారి టైర్లలో గాలి చూపించండి. ఎయిర్ ఫిల్టరు శుభ్రం చేయించండి. గంటకు నలభై, యాభై మించకుండా నడపండి. ఒకే వైపు వెళ్లేవారు ఒక బండి మీద వెళ్లండి. సంతకూ ఆసుపత్రికీ బ్యాంకుకూ మూడుసార్లు కాక ఒకేసారి తిరిగి రండి. బంకులో మీటరు సున్నా చూశాకే పోయించుకోండి. కొలత మీద అనుమానం వస్తే అయిదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపమని అడిగే హక్కు మీకుంది. మర్యాదగా అడగండి, మొహమాటపడకండి.

ఆ యువకుడు ఇప్పుడు క్యాను పారేశాడు. యానాం వెళ్లే పని పడితే ట్యాంకు నింపుకుని వస్తాడు, లేకపోతే లేదు. "పన్నెండు రూపాయలు చూశానండీ, ఇల్లు చూడలేదు" అన్నాడు మొన్న. ఆ మాట మనందరం గుర్తుంచుకోదగినది.